కనెక్షన్‌ను ఫ్రెంచిలో ఏమంటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచి నేర్చుకునే తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. అన్నీ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. ఫ్రెంచి మాటలను చెవికి వినిపించినట్టు తెలుగు లిపిలోనే రాశాను. ముక్కుతో పలికే అచ్చు వచ్చినచోట అరసున్న (ఁ) పెట్టాను. తెలుగు రాతలోంచి మనం ఎప్పుడో సాగనంపిన అరసున్నకు ఇక్కడ మళ్లీ కొలువు దొరికింది.

కనెక్షన్‌కు ఫ్రెంచిలో ‘కొనెక్సియోఁ’ అని ఉంది కదా, అది చాలదా?

చాలదు. ఆ సంగతి నాకు లియోఁ నగరంలో, రైల్వే స్టేషన్లో తెలిసింది. నేనెక్కిన బండి ఆలస్యంగా చేరింది. మారాల్సిన బండి వెళ్లిపోయిందేమోనన్న కంగారులో సమాచార కౌంటర్ దగ్గరికి పరుగెత్తి, "నా కొనెక్సియోఁ ఎక్కడ?" అని అడిగాను. అక్కడున్న ఆవిడ ఎంతో మర్యాదగా గోడకు అంటించిన కాగితం చూపించారు. దాని మీద వైఫై పేరు, ఫోనును దానికి ఎలా కలపాలో సూచనలు ఉన్నాయి. తప్పు ఆవిడది కాదు. నా నోటి నుంచి వచ్చింది ఇంటర్నెట్టు, నా మనసులో ఉన్నది రైలు.

చిక్కు ఎక్కడంటే, తెలుగులో మాట్లాడేటప్పుడే మనం ఈ మాటను పది రకాలుగా వాడేస్తున్నాం. కరెంటు కనెక్షన్, కుళాయి కనెక్షన్, కనెక్షన్ ఫ్లైటు, "వాడికి పైన కనెక్షన్లు ఉన్నాయి", "దానికీ దీనికీ ఏమిటి కనెక్షన్?" ఇంగ్లీషు ఒకే సంచిలో వేసిన ఈ సరుకునంతా ఫ్రెంచి వేరు వేరు డబ్బాల్లో సర్ది పెట్టుకుంది. ఏ డబ్బా మూత తీయాలో తెలియడానికి నేను విద్యార్థులకు చెప్పే ఉపాయం ఒకటే: ఇంగ్లీషు మాటను కాసేపు మరిచిపోయి, మీ నాయనమ్మ అదే సంగతిని ఎలా చెప్పేవారో గుర్తు తెచ్చుకోండి. బండి మారడం, చుట్టరికం, పలుకుబడి, పొంతన: ఆవిడ దగ్గర దేని మాట దానికుంది. ఫ్రెంచివాళ్ల దగ్గరా అంతే. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మధ్యలో దళారి అక్కర్లేదు.

అయితే కొనెక్సియోఁ ఎక్కడ పనికొస్తుంది?

ఎక్కువగా కంప్యూటర్, ఫోను, ఇంటర్నెట్టు దగ్గర. నెట్టు నెమ్మదిగా ఉంటే మీ ‘కొనెక్సియోఁ’ బాగాలేదు. ఏదైనా ఖాతాలోకి వెళ్లడం ‘స కొనెక్తే’, బయటికి రావడం ‘స దెకొనెక్తే’. ఫ్రాన్సులో ఏ కార్యాలయం వెబ్‌సైటు తెరిచినా పై మూలన కనిపించే బొత్తం ఇదే.

దీనికి వ్యతిరేక పదం ‘దెకొనెక్సియోఁ’ ఏకంగా చట్టంలోకి ఎక్కింది. 2016 ఆగస్టు 8 నాటి కార్మిక చట్టంలో ‘ద్రువా ఆ లా దెకొనెక్సియోఁ’ అనే హక్కును చేర్చారు. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు పని గంటల తరవాత మెయిళ్లు, ఫోన్లు పట్టించుకోకుండా ఉండే వీలు గురించి ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలి. రాత్రి పదకొండింటికి ఆఫీసు గ్రూపులో వచ్చే సందేశానికి బొటనవేలి గుర్తు పెట్టే మన ఐటీ మిత్రులకు ఈ మాట చెబితే, ముందు నవ్వి, తరవాత స్పెల్లింగ్ అడిగారు.

ఆ స్పెల్లింగే అడుగుతున్నాను. ఎక్స్‌తో రాయాలా, సి, టిలతో రాయాలా?

నామవాచకంలో ఎక్స్, క్రియలో సి, టి. అందుకే ఫ్రెంచివాళ్లు కూడా తడబడతారు. క్రియ చూసి నామవాచకం రాసేవాళ్లు కొందరు, ఇంగ్లీషు చూసి రాసేవాళ్లు మరికొందరు. ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు ఎక్స్‌తో రాసేవారు. బ్రిటన్‌లో అచ్చయిన పాత పుస్తకాల్లో కనిపిస్తుంది.

రెండింటి మూలం లాటిన్. ‘కోన్’ అంటే కలిపి, ‘నెక్తెరె’ అంటే కట్టడం. మన ‘సంబంధం’లోనూ ‘సం’ అంటే కలిపి, ‘బంధ’ అంటే కట్టడం. మూలానికి వెళితే మనకూ వాళ్లకూ చేతిలో ఉన్నది ఒకటే తాడు.

రైలు, విమానం మారడానికి ఏమనాలి?

‘కొరెస్పోఁదాఁస్’. లియోఁలో నేను అడగాల్సిన మాట ఇది. మారాల్సిన బండి తప్పిపోతే ‘రాతే సా కొరెస్పోఁదాఁస్’. పారిస్ మెట్రో 1900 జులైలో మొదలైంది. ఇప్పుడు దాని సొరంగాల్లో నడుస్తుంటే అడుగడుగునా బోర్డుల మీద ఈ మాటే: ఒక లైను నుంచి ఇంకో లైనుకు దారి ఇటు అని. హైదరాబాద్ మెట్రోలో అమీర్‌పేట దగ్గర ఎర్ర లైను నుంచి నీలం లైనుకు మారతాం కదా, ఫ్రెంచివాళ్ల లెక్కలో అమీర్‌పేట ఒక కొరెస్పోఁదాఁస్.

పారిస్‌లో రైలు నుంచి రైలుకు మారేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ దూరప్రయాణాల స్టేషన్లు అనేకం. ఉత్తరం నుంచి వచ్చే బండి గార్ ద్యు నోర్‌లో ఆగుతుంది, దక్షిణానికి వెళ్లేది గార్ ద లియోఁలో బయల్దేరుతుంది. టికెట్టు మీద చూస్తే ఒకే ప్రయాణం. నేల మీద చూస్తే పెట్టెలు లాక్కుంటూ కిందికి దిగి, ‘డి’ లైను లోకల్ బండిలో రెండు స్టేషన్లు వెళ్లి, మళ్లీ పైకెక్కాలి. సికింద్రాబాద్‌లో దిగి నాంపల్లిలో బండి ఎక్కేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

విమానాల్లో ‘ఎస్కాల్’ అని ఇంకో మాట వినిపిస్తుంది. దారిలో విమానం ఆగే మజిలీ ఎస్కాల్. అక్కడ దిగి వేరే విమానం ఎక్కడం కొరెస్పోఁదాఁస్. అమెరికాకు పారిస్ మీదుగా వెళ్లే అమ్మానాన్నలకు ఈ రెండో మాట కాగితం మీద రాసిస్తే చాలు, విమానాశ్రయంలో బోర్డు చూసుకుంటూ వెళ్లిపోతారు. అదే మాటకు ఉత్తర ప్రత్యుత్తరాలు అనే అర్థం కూడా ఉంది. ఇటునుంచి ఒకటి వెళితే అటునుంచి ఒకటి రావాలి, రైళ్లయినా ఉత్తరాలైనా.

కరెంటు కనెక్షన్, గ్యాస్ కనెక్షన్, కుళాయి కనెక్షన్: వీటికి?

మనం ఒక్క మాటతో సరిపెట్టే పనిని ఫ్రెంచివాళ్లు మూడు మెట్లుగా చూస్తారు. కొత్తగా కట్టిన ఇంటిని వీధిలోని లైనుకు కలపడం ‘రకోర్దమాఁ’. ఆ లైను నుంచి ఇంటిదాకా వచ్చే తీగ గానీ గొట్టం గానీ ‘బ్రాఁష్‌మాఁ’. అందులోని ‘బ్రాఁష్’ అంటే చెట్టు కొమ్మ, కాండం నుంచి కొమ్మ చీలినట్టు. ప్లగ్గు పెట్టడం కూడా ‘బ్రాఁషే’నే. మూడోది ‘మీజ్ ఆఁ సెర్వీస్’. తీగలు, మీటరు అన్నీ ముందే ఉన్న ఇంట్లోకి మీరు అద్దెకు దిగితే, మీ పేరు మీద సరఫరా మొదలుపెట్టడం అన్నమాట.

చదువుకోవడానికి వెళ్లే పిల్లలు సాధారణంగా పొరపడేది ఇక్కడే. అద్దె గది తీసుకుని, కరెంటు సంస్థకు ఫోను చేసి ‘రకోర్దమాఁ’ కావాలంటారు. అవతలివాళ్లు ఇల్లు కడుతున్నారేమోననుకుని ప్లాను, స్థలం వివరాలు అడుగుతారు. మీకు కావలసింది మీజ్ ఆఁ సెర్వీస్. దానికి మీటరుకు సంబంధించిన 14 అంకెల సంఖ్య చెప్పాలి. కొత్తరకం మీటరు అయితే దాని మీది కూడిక గుర్తు బొత్తం నొక్కుతూ పోతే తెర మీద ఆ సంఖ్య వస్తుంది.

ఆ కొత్తరకం మీటరు పేరు ‘లింకీ’. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో బిస్కట్ల డబ్బాలా ఉంటుంది. 2015 చివరి నుంచి దేశమంతా బిగించారు. ఇంగ్లీషు మాటలు చొరబడకుండా కాపు కాసే దేశంలో, ఇంటింటి గోడకూ ఇంగ్లీషు ‘లింక్’ వేలాడుతోంది.

గ్యాస్ సంగతి వేరు. మన దగ్గర గ్యాస్ కనెక్షన్ అంటే గొట్టం కాదు, పుస్తకం, డిపాజిట్టు, సిలిండరు. దీన్ని మాటకు మాట అనువదిస్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఫ్రాన్సులో సిలిండరు కావాలంటే పెట్రోలు బంకుకో పెద్ద దుకాణానికో వెళ్లి, ‘కోఁసీఞ్’ అనే డిపాజిట్టు కట్టి తెచ్చుకుంటారు. ఇంట్లోకి గొట్టం ద్వారా వచ్చే గ్యాసుకు మాత్రం పైన చెప్పిన మూడు మాటలూ వర్తిస్తాయి.

డ్రైనేజీ కనెక్షన్ పేరు వింటే ముచ్చటేస్తుంది: ‘తు తా లెగూ’. అక్షరాలా ‘అంతా మురుగులోకే’ అని. ఇల్లు అమ్మే ప్రకటనల్లో కూడా ఇలాగే రాస్తారు.

ఫోను మాటేమిటి? ‘నాకు రెండు కనెక్షన్లు ఉన్నాయి’ అనాలంటే?

‘లీఞ్’ అంటే లైను, ‘అబొన్‌మాఁ’ అంటే నెలనెలా కట్టే చందా. రెండింటిలో ఏదైనా సరే. ఆఫీసుకు ఫోను చేసినప్పుడు "న కితే పా" అంటారు. మాటకు మాట ‘వదిలి వెళ్లకండి’ అని. మన ‘లైన్లో ఉండండి’. తరవాత, కావలసిన వ్యక్తికి ‘ఆఁ రలాసియోఁ’ పెడతామంటారు. కంగారు పడకండి, కలుపుతామని అంతే. మధ్యలో తెగిపోతే "ఓఁ నా ఎతె కుపే", మనల్ని కోసేశారు.

లూజ్ కనెక్షన్‌కు?

‘ఫో కోఁతాక్త్’, అబద్ధపు స్పర్శ. ప్లగ్గును కొంచెం పక్కకు వంచితే వెలిగి, వదిలితే ఆరిపోయే దీపం గురించి ఇంతకంటే చక్కగా చెప్పిన మాట నేను వినలేదు. తీగ తీగను తాకినట్టే ఉంటుంది, కానీ తాకదు. మన ఎలక్ట్రీషియన్లు ‘లూజ్ కాంటాక్టు’ అనేది దీనికి దగ్గరగా ఉంది.

‘దానికీ దీనికీ ఏమిటి కనెక్షన్?’ అని అడగాలంటే?

"కెల్ రపోర్?" రెండే మాటలు. గొంతులో కాస్త విసుగు కలిపితే, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాడిని ఆపడానికి ఇంతకు మించింది లేదు. పొంతనే లేదని చెప్పడానికి "సా నా రియేనా వ్వార్". ‘చూడటానికేమీ లేదు’ అన్నట్టు వినిపిస్తుంది గానీ, ‘ఏమీ సంబంధం లేదు’ అని భావం.

శాస్త్రంలో, చర్చల్లో ‘లియేఁ’ వాడతారు. కట్టు, బంధం అని అర్థం. పొగకూ ఊపిరితిత్తుల జబ్బుకూ ఉన్నది లియేఁ, ఒకటి కారణం ఒకటి ఫలితం. రపోర్‌లో పోల్చడం కూడా కలిసి ఉంటుంది. ‘పార్ రపోర్ ఆ’ అంటే ‘ఫలానాదానితో పోలిస్తే’. నిరుటి కంటే ధరలు పెరిగాయి అనేచోట ఇది కావాలి. నివేదికనూ రపోర్ అనే అంటారు. అందుకే కార్యాలయాల్లో "మీ రపోర్ ఏది?" అని అడిగితే, మీ సంబంధబాంధవ్యాల గురించి కాదు.

మా పై అధికారితో నాకు మంచి ‘లియెజోఁ’ ఉందని రాశాను, అందరూ నవ్వారు. ఎందుకు?

ఎందుకంటే మీరు రాసిన వాక్యానికి ఆవిడతో మీకు రహస్య ప్రేమ వ్యవహారం నడుస్తోందని అర్థం. ‘అవ్వార్ యున్ లియెజోఁ’ అంటే సాధారణంగా అదే. ‘ఆఁ లియెజోఁ అవెక్’ అని, ముందు ఆ చిన్న ‘ఆఁ’ పెడితే ‘సంప్రదింపుల్లో ఉన్నాను’ అని పెద్దమనిషి తరహాగా మారిపోతుంది. రపోర్‌తోనూ జాగ్రత్త. విశేషణమేమీ తగిలించకుండా బహువచనంలో ‘దె రపోర్’ ఉన్నాయంటే పడకగది సంగతి. ‘మంచి రపోర్’ అంటే క్షేమం. మన దగ్గర కూడా అంతే కదా. ‘సంబంధం కుదిరింది’ అంటే మేళాలు, ‘సంబంధం ఉంది’ అంటే గుసగుసలు.

లియెజోఁ అంటే సంధి అని మా క్లాసులో చెప్పారు. నిజమేనా?

సగం నిజం. ఫ్రెంచిలో మాటలు కలిసే పద్ధతులు కొన్ని ఉన్నాయి, తెలుగు వ్యాకరణం కొంచెం గుర్తున్నవాళ్లకు అవి ఇట్టే పట్టుబడతాయి. నాకు ఫ్రెంచి వ్యాకరణంలో ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

‘ల’ తరవాత ‘అమి’ (స్నేహితుడు) వస్తే ‘లామి’ అవుతుంది. ముందు అచ్చు ఎగిరిపోయింది. రాముడు + అతడు కలిసి రాముడతడు అయినట్టు, ఇది మన ఉత్వసంధికి చుట్టం. దీని పేరు ‘ఎలిజియోఁ’, లియెజోఁ కాదు.

‘అ’ (ఉంది), ‘ఇల్’ (అతనికి) పక్కపక్కన వస్తే రెండు అచ్చులు ఢీకొంటాయి. నడుమ ఒక తకారం వచ్చి ‘అతిల్’ అవుతుంది. మా + అమ్మ మధ్యలోకి యకారం వచ్చి ‘మాయమ్మ’ అయినట్టు. ఇది మన యడాగమం.

అసలు లియెజోఁ ఇలా ఉంటుంది. ‘లె’ (బహువచనానికి ముందు వచ్చే మాట) చివర రాతలో ఒక ఎస్ ఉంటుంది, పలకరు. నిద్రపోతూ ఉంటుంది. తరవాతి మాట అచ్చుతో మొదలైతే మేలుకుని జకారమై పలుకుతుంది: లె + అమి = లెజామి. దీనికి మన వాడుకభాషలో జోడీ లేదు గానీ, పద్యాలు చదివినవాళ్లు ద్రుతాన్ని తలుచుకోండి. ‘నన్ను’ చివర దాక్కున్న నకారం అచ్చు ఎదురైతే బయటికొచ్చి ‘నన్నునడిగె’ అయినట్టు, ఇక్కడ దాక్కున్న హల్లు బయటికొస్తుంది.

కొన్ని మాటల ముందు మాత్రం ఆ హల్లు లేవకూడదు. ‘ఎరో’ అంటే వీరుడు. వీరులు అనాలంటే ‘లె ఎరో’ అని విడివిడిగా పలకాలి. కలిపితే ‘లె జెరో’ అవుతుంది. అంటే సున్నాలు. దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్లను గురించి ఉపన్యసిస్తూ ఈ పొరపాటు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వంటింట్లోనూ లియెజోఁ ఉంది. చారు, సాస్ చిక్కబడటానికి గుడ్డు పచ్చసొన, మీగడ కలుపుతారు, ఆ కలపడమే లియెజోఁ. మనం పులుసులో బియ్యప్పిండి కలుపుతాం.

బంధుత్వాలకు ఏ మాట?

‘లియేఁ ద పారాఁతే’ అంటే బంధుత్వం. దరఖాస్తుల్లో ‘మీకు ఆయన ఏమవుతారు?’ అనే గడి దగ్గర ఇది రాసి ఉంటుంది. పెళ్లితో కలిసిన చుట్టరికం ‘పార్ అలియాఁస్’. ఉదాహరణకు, మేనత్త భర్త అలియాఁస్ వల్ల మామయ్య. పెళ్లి ఉంగరాన్ని కూడా అలియాఁస్ అంటారు. ఊరూరా ఫ్రెంచి నేర్పే, 1883లో పారిస్‌లో పుట్టిన ‘అలియాఁస్ ఫ్రాఁసేజ్’ సంస్థ పేరులోనూ అదే మాట, అక్కడ దేశాల మధ్య స్నేహమని అర్థం. మన పెళ్లి ప్రకటనల్లో ‘అలయన్స్’ అని రాస్తారు కాబట్టి, ఆ బోర్డు చూసి పెళ్లి సంబంధాల కేంద్రమనుకున్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు.

కొన్నిచోట్ల ఫ్రెంచి చేతులెత్తేస్తుంది. వియ్యంకుడికి వాడుకలో ఒక్క మాట లేదు. ‘ల బో పేర్ ద మా ఫియ్’, అంటే ‘మా అమ్మాయి మామగారు’ అని చుట్టుతిరిగి చెప్పాలి. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు అందరూ ఒకే ‘బో ఫ్రేర్’. మేనబావ, పెదనాన్న కొడుకు ఇద్దరూ ‘కుజేఁ’. ఒకరిని పెళ్లి చేసుకోవచ్చని, ఇంకొకరు అన్న వరస అని వాళ్లకు వివరించడానికి నాకు ఒకసారి అరగంట పట్టింది, కాగితం మీద బొమ్మ కూడా గీశాను.

‘ఆయనకు పైన కనెక్షన్లు ఉన్నాయి’ అనాలంటే?

మర్యాదగా అయితే "ఆయనకు రలాసియోఁ ఉన్నాయి". కొంచెం కొంటెగా అయితే ‘అవ్వార్ ల బ్రా లోఁ’, చెయ్యి పొడవు. మన చేతివాటం కాదు, అది వేరే విద్య. ఎంత దూరంలో ఉన్న కుర్చీనైనా అందుకోగల చెయ్యి అని. మన పలుకుబడి మాటతో పని జరిపిస్తుంది, వాళ్లది చేతితో.

అసలు రుచి ‘పిస్తోఁ’లో ఉంది. ఇంజన్లో అటూ ఇటూ కదులుతూ తోసే పిస్టనే. వెనకనుంచి ఒకరు తోస్తే ఉద్యోగం వచ్చినవాడు ‘పిస్తొనే’. సిఫారసు, పైరవీ అని మనం చెప్పుకునేదంతా ఇందులో పట్టేస్తుంది. ఎదురుగా ఉన్నవారి గురించి మాత్రం అనకండి, నొచ్చుకుంటారు.

‘మా ఇద్దరికీ బాగా కనెక్ట్ అయింది’ అనడానికి?

కొనెక్సియోఁ వాడితే బ్లూటూత్ గుర్తొస్తుంది. ‘ల కురాఁ పాస్’ అనండి: మా మధ్య కరెంటు ప్రవహిస్తోంది. తెలుగులో అంటే ఆసుపత్రికి తీసుకెళతారు గానీ ఫ్రెంచిలో మనసు కలిసిందని భావం. ఇంకా అందమైనది ‘దెజ్ ఆతోమ్ క్రొషు’. కొక్కేలున్న అణువులు అని. పదార్థమంతా అణువులేనని, వాటిలో కొన్నింటికి కొక్కేలుండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయని ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త డెమోక్రిటస్ సంప్రదాయం ఊహించింది. భౌతికశాస్త్రం ఆ కొక్కేలను వదిలేసింది, ఫ్రెంచివాళ్లు మాత్రం స్నేహం కోసం దాచుకున్నారు. కొక్కేలు లేకపోతే స్నేహం కుదరదు.

పత్రికల్లో ‘కేసులో ముంబై కనెక్షన్’ అని శీర్షికలు వస్తాయి. అది?

దొంగసరుకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చే దారి అయితే ‘ఫిలియేర్’. పోలీసులు పట్టుకుని వెళుతున్న ఆచూకీ అయితే ‘పీస్త్’, జంతువు అడుగుజాడ లాంటిది. ‘ఈ కేసుకు సంబంధించి ఇద్దరిని అదుపులోకి తీసుకున్నారు’ అనేచోట సంబంధం అనే మాటే రాదు. ‘దాఁ ల కాద్ర్ ద’, అంటే ‘దర్యాప్తు చట్రంలో’ అంటారు. టర్కీ నల్లమందును మార్సెయ్ చుట్టుపక్కల రహస్యంగా హెరాయిన్‌గా మార్చి అమెరికాకు పంపిన ముఠాల పేరు ‘ఫ్రెంచి కనెక్షన్’గా ప్రపంచానికి తెలుసు. 1970ల మొదట్లో దాని వెన్ను విరిచారు. విచిత్రం ఏమిటంటే, ఫ్రాన్సులోనూ దాన్ని ఇంగ్లీషులోనే ‘లా ఫ్రెంచ్’ అంటారు.

లింక్ పంపండి అనాలంటే?

‘లియేఁ’నే. గొలుసులోని లంకె అయితే ‘మాయోఁ’. తెలుగులో ‘లంకె’ ఇంగ్లీషు లింక్ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది మనదే. పొలం దున్నుతుంటే లంకెబిందెలు దొరికాయన్న కథలు ఇంటర్నెట్టు కంటే చాలా పాతవి.

పరీక్షలో ‘కొనెక్తర్లు’ వాడలేదని మార్కులు తగ్గించారు. అవేమిటి?

వాక్యాలను ముడివేసే కాబట్టి, అయితే, కానీ లాంటి మాటలు. ఫ్రెంచి ఎంత వచ్చో తేల్చే డెల్ఫ్ పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు వీటిని చూస్తారు. తెలుగువాళ్లు వీటిని తక్కువ వాడటానికి కారణముంది. మనం క్రియతోనే ముడివేస్తాం: వెళ్లి, చూసి, తిని వచ్చాను. ఆ అలవాటుతో ఫ్రెంచి రాస్తే వాక్యాలు విడి ఇటుకల్లా పడి ఉంటాయి. అక్కడి బడిపిల్లలు ఏడు సముచ్చయాలను ఒక ప్రశ్నగా బట్టీపడతారు: "మే ఊ ఎ దోఁ ఓర్నికార్?" కానీ, లేదా, మరియు, కాబట్టి, అయితే, కాదు, ఎందుకంటే అనే మాటలు వరసగా పలికితే ‘ఇంతకీ ఓర్నికార్ ఎక్కడున్నాడు?’ అన్నట్టు వినిపిస్తుంది. ఓర్నికార్ అనేవాడు ఎవరూ లేడు.

చివరిగా, తెలుగుకూ ఫ్రెంచికీ కనెక్షన్ ఏమైనా ఉందా?

ఇక్కడ నేనైతే లియేఁ అంటాను. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పడ్డ సేనల్లో బుస్సీ నడిపిన ఫ్రెంచి దళం ఉంది. హైదరాబాద్‌లో రెండో నిజాం కొలువులో ఫిరంగులు పోయించి, సైన్యాన్ని తీర్చిదిద్దిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. ఆయన్ను హిందువులు మూసా రాం అని, ముస్లింలు మూసా రహీం అని పిలుచుకున్నారు. ‘ముస్సియో రేమోఁ’ (అంటే రేమండ్ గారు) నోళ్లలో నాని అలా అయింది. రోజూ బస్సులో మూసారాంబాగ్ దాటేవాళ్లు ఆ ముస్సియోను పలకరిస్తున్నట్టే.

ఇక గోదావరి పాయ ఒడ్డున యానాం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది, చట్టప్రకారం అప్పగింత 1962లో పూర్తయింది. చుట్టూ బ్రిటిష్ ఇండియా, మధ్యలో ఫ్రాన్సు ముక్క. 1929లో బాల్యవివాహాలను నిషేధిస్తూ బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చినప్పుడు, అది వర్తించని యానాంకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చిన్నపిల్లల పెళ్లిళ్ల కోసం తరలివచ్చేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా పడింది. ఫ్రెంచి నేల మీద తెలుగు సంబంధాలు కుదిరిన ఆ సందర్భానికి పైన చెప్పిన మాటల్లో ఏది సరిపోతుందని ఒకసారి క్లాసులో అడిగాను. ఒక అమ్మాయి ‘అలియాఁస్’ అంది. వెనక బెంచీ నుంచి యానాం అబ్బాయి చెయ్యెత్తి, "కాదండీ, కొరెస్పోఁదాఁస్. అక్కడ దిగి, పెళ్లి చేసి, మళ్లీ బండెక్కి వెళ్లిపోయేవాళ్లు" అన్నాడు.